ఒక మనిషి ముక్కు, ఒక జాకీ చక్రం

కువైట్‌లో ఏం పని చేశావని ఎవరైనా అడిగితే ‘ట్రెయిలర్లకు చిన్న చక్రం బిగించాను’ అని చెబుతాను. ఇరవై ఆరేళ్ళూ అదేనా అని నవ్వుతారు. వెల్డింగ్ చేశాను, ఇరుసులు మార్చాను, బ్రేకులు చూశాను. కావాలంటే అవన్నీ చెప్పుకోవచ్చు. కానీ నాకు బుద్ధి చెప్పింది మాత్రం ఆ చిన్న చక్రమే. అందుకని దాని గురించే రాస్తున్నాను.

నా పేరు గంగారాం. జగిత్యాల దగ్గర పల్లె మాది. అమ్ఘరాలో పాత ఇనుము గుట్టల పక్కన ఒక ట్రెయిలర్ల షెడ్డు ఉంది. అందులో ఫిట్టర్‌గా చేశాను. పదిహేను రోజుల కిందట మానేశాను. ఇప్పుడు ఖైతాన్‌లో నా గదిలో కూర్చుని, సూట్‌కేసు సర్దే పనిని వాయిదా వేయడానికి ఇది రాస్తున్నాను. ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, ఎన్నిసార్లు మారిందో, ఏ ఏడు పెద్ద ఫిట్టర్ని చేశారో ఇందులో ఉండదు. అవి తలుచుకుంటే నాకే ఆవులింత వస్తుంది. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్ళకి షెడ్డులో ఎవరూ చెప్పని సంగతులు, నేను చేసిన తెలివితక్కువ పనులు కొన్ని చెబుతాను. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. ఒక్క దగ్గర మాత్రం నేను మీతో కలిసి నవ్వలేను.

ఏమిటీ చక్రం

ట్రెయిలర్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే బండి. పడవ మోసేదైనా, ఒంటెల మేత మోసేదైనా, లోపల వంటగది ఉన్నదైనా అంతే. దాని పెద్ద చక్రాలు మధ్యలో ఉంటాయి. కారుకి తగిలించినంతసేపు బుద్ధిగా ఉంటుంది. విప్పగానే ముందుకి తూలి ముక్కు నేలకి కొట్టుకుంటుంది. అలా పడకుండా ముక్కు దగ్గర ఒక ఇనప గొట్టం, దాని అడుగున చిన్న చక్రం, పైన తిప్పే హ్యాండిల్ పెడతారు. ఒకవైపు తిప్పితే ముక్కు లేస్తుంది, రెండోవైపు తిప్పితే దిగుతుంది. ఆ గొట్టాన్ని బండికి పట్టి ఉంచే ఇనప పట్టీని క్లాంప్ అంటాం. జాకీ చక్రం అంటే ఇంతే.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు రంగు ఎంచుకోవడానికి ఒక పూట, లైట్లు ఎంచుకోవడానికి ఒక పూట తీసుకునేవాళ్ళు. చక్రం దగ్గరికి వచ్చేసరికి “ఏదో ఒకటి వెయ్యి, యల్లా, తొందరగా” అని ఫోన్ తీసేవాళ్ళు. మొదట్లో నేనూ ఏదో ఒకటే వేసేవాడిని. సన్న ఇనప చక్రం సిమెంటు నేల మీద బాగా దొర్లుతుంది, ఇసుకలో మాత్రం దిగబడిపోతుంది. ఎడారికి వెళ్ళే బండికి గాలి నింపే వెడల్పు టైరు కావాలి, కింద వేసుకోవడానికి ఒక చెక్క కూడా ఇవ్వాలి. సముద్రంలోకి దిగే బండికి జింకు పూత ఉన్న గొట్టం కావాలి. ఆ పూత మీద నేరుగా వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్ల పొగ పీల్చి నేను రెండుసార్లు చలిజ్వరంతో పడుకున్నాను. పాలు తాగితే పోతుందని అందరూ చెబుతారు. నేను తాగాను, పోలేదు. పూతని ముందే గీకేయండి, మాస్కు పెట్టుకోండి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి.

తలుపుకి తగిలిన హ్యాండిల్

షెడ్డులో చేరిన రెండో ఏటికి నాకు పని మొత్తం వచ్చేసిందనుకున్నాను. అప్పుడు జెట్‌స్కీ మోసే ట్రెయిలర్ ఒకటి వచ్చింది. జాకీ చక్రం ముక్కు చివరికి ఎంత దగ్గరగా ఉంటే ఎత్తడం అంత తేలిక అని లెక్క వేశాను. చివరికంటా జరిపి బిగించాను. లెక్క తప్పేం కాదు.

ఆ సాయంత్రం యజమాని సముద్రం దగ్గర కారు ఆపి, ట్రెయిలర్ తగిలించి ఉండగానే కారు వెనక తలుపు తెరిచాడు. తలుపు నేరుగా వచ్చి నా హ్యాండిల్‌కి కొట్టుకుంది. కారు ఎంత కొత్తదంటే సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వచ్చాడు.  నా ముందు ఆ తలుపు తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచి మూశాడు. అయిదుసార్లు టంగ్‌మని వినిపించి, చేతులు కట్టుకుని నా వైపు చూశాడు.

మా ఫోర్‌మన్ ఫథీ పరుగున వచ్చాడు. ఫథీది ఈజిప్టు. సముద్రానికి వెళ్ళినవాడు సముద్రం చూడాలి గాని వెనక తలుపు ఎందుకు తెరవాలని ఆయనతో అరగంట వాదించాడు. ఫథీ ఎలాంటి మనిషో మీకు ఇక్కడే తెలియాలి. వెల్డింగ్‌లో ఆయన చెయ్యి బంగారం, నాకు పని నేర్పిందీ ఆయనే. కానీ ఆయన నోట ‘నాకు తెలియదు’ అన్న మాట గాని, ‘మాదే పొరపాటు’ అన్న మాట గాని నేను వినలేదు.

అప్పటి నుంచి జాకీ చక్రం బిగించే ముందు ట్రెయిలర్‌ని యజమాని సొంత కారుకే తగిలించి చూసేవాడిని. కారు తలుపులన్నీ తెరిపించేవాడిని, స్టీరింగ్ రెండు వైపులా చివరికంటా తిప్పించేవాడిని. ఏదీ దేనికీ తగలదని తేలాకే నట్లు బిగించేవాడిని. ఆ తరవాత పదిహేనేళ్ళు నేను వేసిన చక్రం ఒక్కటీ షెడ్డుకి తిరిగి రాలేదు. ఈ సంగతి నేను టీ తాగే ప్రతిసారీ చెప్పేవాడిని. మా వాళ్ళు నా గ్లాసులో టీ పోస్తూనే “పదిహేనేళ్ళు” అని నాకన్నా ముందే అనేవాళ్ళు.

మనుషులతో తూచే షెడ్డు

ప్రతి జాకీ చక్రం మీదా అది ఎంత బరువు మోస్తుందో అచ్చు వేసి ఉంటుంది. కాబట్టి ముక్కు బరువు ఎంతో తెలియాలి. తూకం మిషన్ మా షెడ్డులో లేదు. ఫథీ ఎవరో ఒకరిని పిలిచి ముక్కు ఎత్తమనేవాడు. ఒక్కడే ఎత్తితే అది ఒక మనిషి ముక్కు, సన్న గొట్టం చాలు. ఇద్దరు పట్టాల్సి వస్తే ఇద్దరు మనుషుల ముక్కు, మధ్య రకం. ముగ్గురైతే లావు గొట్టం. ఎంతమందో ఫథీ సుద్దముక్కతో ముక్కు మీద రాసేవాడు. చుట్టుపక్కల షెడ్లలో కూడా ఇదే పద్ధతి.

మనుషులందరూ ఒకటే కొలత కాదు కదా అని మీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. మాకు పదిహేనేళ్ళు రాలేదు. అప్పట్లో నేను యాభై కిలోలు ఉండేవాడిని. మా కమ్మరి గుల్‌ఖాన్ పెషావర్ వైపు పఠాన్. ఇరుసుని భుజాన వేసుకుని, ఎవరితోనో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుకుంటూ నడిచేవాడు.

తొమ్మిదేళ్ళ కిందట చలికాలం మొదట్లో ఒక వంటగది ట్రెయిలర్ తయారు చేశాం. ముబారక్ అల్ కబీర్‌లో ఉండే బూ నాసర్ అనే ఆయన కోసం. ఇక్కడి కుటుంబాలు చలికాలమంతా ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి, సెలవు రోజుల్లో చుట్టాలందరూ అక్కడే. అందుకని పొయ్యి, బల్ల, ముందు భాగంలో పెద్ద నీళ్ళ ట్యాంకు, రెండు గ్యాసు సిలిండర్లు పెట్టించుకున్నాడు. వెనక రెండు మూలలా నేలకి దించే కాళ్ళున్నాయి. ముందు కూడా వేస్తానన్నాను. అడ్డంగా ఉంటాయి, వద్దన్నాడు. సరేనన్నాను. అది నా మొదటి తప్పు.

ముక్కు తూచే సమయానికి గుల్‌ఖాన్ టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టకుండానే రెండో చేత్తో ముక్కు ఎత్తాడు. “ఏక్ ఆద్మీ” అని ఒక గుక్క తాగాడు. ఫథీ సుద్దతో ఒకటి అంకె వేశాడు. ట్యాంకులో అప్పుడు చుక్క నీరు లేదు, సిలిండర్లు ఇంకా రాలేదు. గుల్‌ఖాన్ నిజంగా ఒక మనిషేనా అని నాకు ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ మధ్యాహ్నానికల్లా బండి వెళ్ళిపోవాలి. నేను సన్న గొట్టం ఉన్న చక్రం తెచ్చి బిగించాను.

సువార్తమ్మ

బండి తీసుకెళ్ళడానికి డ్రైవరుతో పాటు ఒకామె వచ్చింది. వంట బల్ల తనకి ఎత్తు సరిపోతుందో లేదో చూసుకోవడానికి ఇంటావిడ పంపిందట. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఇంటావిడని మామా అంటారు. లోపలికి ఎక్కి తనలో తాను ఏదో గొణుక్కుంటుంటే తెలుగని తెలిసింది.

“మీరు తెలుగోరాండీ?” అని ఆమే అడిగింది.

“అవ్ చెల్లె. జగిత్యాల.”

“అదెక్కడండీ? మాది రాజోలండి.”

“గోదారి మా దిక్కుకెళ్ళే మీ దిక్కు అస్తది. మేం తానం జేసిన నీళ్ళే మీరు తాగుతున్రు.”

“అందుకేనండి అన్నయ్యగారూ, మా చేపలకి అంత రుచి!”

ఆమె పేరు సువార్తమ్మ. నాలుగేళ్ళుగా ఇంటికి వెళ్ళలేదు. క్యాంపు రోజులు అయిపోగానే సెలవు మీద పంపిస్తానని మామా మాట ఇచ్చిందట. కూతురికి బిడ్డ పుట్టి ఏడాది దాటింది, ఇంకా చూడలేదు. పొయ్యి ముందు నిలబడి చూసుకుంటూ “పొద్దున్న ఎక్కితే చీకటి పడేదాకా ఇక్కడేనండి నేను. లుఖైమాత్ చేసేటప్పుడైతే కళ్ళెదురుగా మూకుడు నిండా నూనె” అంది. లుఖైమాత్ అంటే నూనెలో వేయించి పాకం పోసే పిండి ఉండలు. ఏదైనా ఇబ్బంది ఉంటే ఫోన్ చెయ్యమని నా నంబరు ఇచ్చాను. ఇబ్బంది రాదని నా ధీమా. పదిహేనేళ్ళు కదా.

మూడో రోజే ఫోన్ వచ్చింది.

“అన్నయ్యగారూ, మీ బండి దణ్ణం పెడతందండీ.”

“ఎవ్వలికి?”

“ఎవరికో తెలీదండి, ముందుకి వంగిపోతంది. పొద్దున్న మూకుళ్ళో నూనె సమంగానే ఉందండి. ఇప్పుడేమో ఓ పక్కకే పోయింది.”

“హ్యాండిల్ తిప్పు చెల్లె, లేస్తది.”

“తిప్పానండి. లేత్తందండి, మళ్ళీ కూచుంటంది.”

“కూసున్నప్పుడల్ల జెర తిప్పుకుంట ఉండు. నేను చూస్త.”

ఫోన్ పెట్టేదాకా నవ్వుతూనే ఉన్నాను. పెట్టాక నవ్వు పోయింది. బరువు ఎక్కువై గొట్టం క్లాంప్‌లోంచి కొంచెం కొంచెంగా జారుతోంది. అలా జారుతూ ఉన్న గొట్టం ఏదో ఒక గంటలో ఒకేసారి జారిపోతుంది. ఆ గంటలో ఆమె వేడి నూనె ముందు ఉంటుంది.

ఫథీకి చెప్పాను. “యజమాని ఫోన్ చేశాడా?” అన్నాడు. లేదన్నాను. “మరెవరు?” వంట చేసే ఆమె అన్నాను. “ట్రెయిలర్ కొన్నది వంటామె కాదు. అడిగితే చక్రం కింద ఇసుక దిగిందని చెప్పు. ఖలాస్” అన్నాడు. ఆయన్ని తిట్టుకోవాలి నేను. కానీ నిజం చెబుతున్నాను, ఆ మాట నాకూ హాయిగానే అనిపించింది. బూ నాసర్‌కి చెప్పి బండి షెడ్డుకి తెప్పిస్తే నా పదిహేనేళ్ళ కబుర్లు ఆ రోజుతో సరి. అందుకని శుక్రవారం సెలవు నాడు దొంగతనంగా వెళ్ళి చక్రం మార్చి వద్దామనుకున్నాను. అదే నేను చేసిన అసలు తప్పు. ఆ రోజే పొయ్యి ఆర్పించి ఉండాలి.

మామా ఎక్కే తూకం

ఈసారి మనుషుల లెక్క వద్దనుకున్నాను. సువార్తమ్మకి ఫోన్ చేశాను.

“చెల్లె, మీ మామా దగ్గర బరువు జూసుకునే మిషన్ ఉన్నదా?”

“లేకేమండీ! రోజుకి మూడుసార్లు ఎక్కుతారండి. ఎక్కేముందు చెవి కమ్మలు కూడా తీసేత్తారు.”

“శుక్రారం నాడు ఎడారికి దెస్తవా? ట్రెయిలర్ ముక్కు తూసి ఇస్త.”

 పగలబడి నవ్వింది. “పిండి డబ్బాలో పెట్టి తెత్తానండి. చిన్న గీత పడినా నా పని అయిపోద్ది, ముందే చెబుతున్నా.”

శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు పికప్‌లో లావు గొట్టం ఉన్న చక్రం వేసుకుని వెళ్ళాను. భోజనాలు చేసి పెద్ద గుడారంలో అందరూ పడుకున్నారు. డ్రైవరు కారులో గురక పెడుతున్నాడు. సువార్తమ్మ ఒక్కతే ట్రెయిలర్‌లో ఉంది. లేచేసరికి లుఖైమాత్ సిద్ధంగా ఉండాలి కాబట్టి పొయ్యి మీద నూనె కాగుతోంది. పిండి అంటిన తూకం మిషన్‌ని కిటికీలోంచి నా చేతికి ఇచ్చింది.

“బయటికి రా చెల్లె. పొయ్యి బంజెయ్. తూసేటప్పుడు లోపట ఎవ్వరు ఉండద్దు.”

“పిండి పొంగిపోయిందండి. ఒక్క వాయి తీసేసి వచ్చేత్తాను.”

సరేలే అన్నాను. అలా అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆమె వాయి తీసేలోపు ఏర్పాట్లు చేద్దామని చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాను. ముక్కు కింద ఇసుకలో చెక్క వేసి దాని మీద మిషన్ పెట్టాను. మిషన్ మీద ఒక దుంగ నిలబెట్టాను. దుంగకీ ముక్కుకీ మధ్య జానెడు ఖాళీ. ఆమె దిగాక హ్యాండిల్ తిప్పి ముక్కుని మెల్లగా దుంగ మీదికి దించితే బరువు తెలుస్తుంది. సువార్తమ్మ కిటికీలోంచి చూసింది.

“అయ్యో అయ్యో, మిషన్ మీద దుంగ పెట్టేశారా? గీతలు పడిపోతాయండీ! ఆగండాగండి, తువ్వాలు తెత్తాను.”

లోపల వేసుకునే రబ్బరు చెప్పులు పొయ్యి ముందే వదిలేసి, వట్టి కాళ్ళతో దిగి వచ్చింది. తువ్వాలు నా చేతికి ఇస్తోంది. టక్‌మని చప్పుడైంది. గొట్టం క్లాంప్‌లోంచి మొత్తం జారిపోయింది. ముక్కు వచ్చి దుంగ మీద కూర్చుంది.

లోపల మూకుడు దొర్లిన చప్పుడు. నేను ముందు సిలిండర్ల దగ్గరికి ఉరికి గ్యాసు కట్టేశాను. తరవాత తలుపులోంచి చూశాను. నేలంతా నూనె, పొగ. సువార్తమ్మ నిలబడే చోట ఆమె చెప్పులు రెండూ నూనెలో ముడుచుకుపోయి ఉన్నాయి.  ఆమె కూడా వచ్చి చూసింది. తన పాదాల వైపు చూసుకుని ఇసుకలో కూర్చుండిపోయింది.

ఎగరమన్నారు

చప్పుడుకి అందరూ లేచి వచ్చారు. ఆ స్థితిలో కూడా సువార్తమ్మ చేసిన మొదటి పని, ఆ తువ్వాలు తీసి మిషన్ మీద కప్పడం.

“ష్‌సార్?” అన్నాడు బూ నాసర్, ఏమైందని. నిద్రలోంచి లేచి వచ్చిన డ్రైవరు, ఈమె రోజూ హ్యాండిల్ తిప్పుతోంది, నేను చూశాను అన్నాడు. అబద్ధం కాదు, తిప్పమన్నది నేనే. మామా ఆమె వైపు తిరిగింది. “నువ్వు తిప్పావా?” తిప్పానంది సువార్తమ్మ. “బండి పాడు చేశావు. ఈ ఏడు నీకు ఇల్లూ లేదు, సెలవూ లేదు” అంది మామా.

సువార్తమ్మ నా పేరు చెప్పలేదు. తల వంచుకుని నిలబడింది.

ఇసుక దిగింది అంటే చాలు, ఆమెకీ నాకూ ఇబ్బంది ఉండదు. ఫథీ నేర్పిన మాట నా నాలుక మీదే ఉంది. కానీ ఇసుక అంటే వాళ్ళు ఇసుక తవ్వి, అదే చక్రాన్ని మళ్ళీ పైకి తిప్పుతారు. ఆమె రేపు మళ్ళీ అదే పొయ్యి ముందు నిలబడుతుంది. ఇంత చిన్న సంగతి తేల్చుకోవడానికి నేను తీసుకున్న సమయం తలుచుకుంటే సిగ్గేస్తుంది.

“హాదా గలత్ మాల్ అనా” అన్నాను. ఈ తప్పు నాది అని. వచ్చీరాని అరబ్బీలో మొత్తం చెప్పాను. చక్రం సన్నది, ముక్కు బరువు, తిప్పమన్నది నేను, మూడు రోజులుగా నాకు తెలుసు.

“తెలుసా?” అన్నాడు బూ నాసర్. నా పికప్‌లో ఉన్న కొత్త చక్రం చూశాడు. లోపలికి తొంగి చెప్పులు చూశాడు. చాలాసేపు చూశాడు. “ముక్కు బరువు ఎవరు తూచారు?” అని అడిగాడు. గుల్‌ఖాన్ సంగతి చెప్పాను, టీ గ్లాసుతో సహా. ఆయన నవ్వలేదు. “బిగించు” అన్నాడు.

పికప్‌లో ఉన్న కారు జాకీ పెట్టి ముక్కు లేపాను. ఆ సందులో సువార్తమ్మ మిషన్ని తువ్వాలలో చుట్టి పిండి డబ్బాలో పడేసింది. లావు గొట్టం, గొట్టం జారకుండా గాళ్ళు కోసిన క్లాంప్, వెడల్పు టైరు, కింద మందపాటి చెక్క. బిగించడం అయ్యాక బూ నాసర్ ట్యాంకు నింపించాడు. నేల కడిగించాడు. “ఎక్కు. ఆ చెప్పులున్న చోట నిలబడు” అన్నాడు. నిలబడ్డాను.

“ఎగురు.”

ఎగిరాను.

“ఇంకా.”

పిల్లలు చుట్టూ చేరి అరబ్బీలో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై దాటాక నాకు ఆయాసం, వాళ్ళకి హుషారు. గిన్నెలన్నీ గలగలలాడుతున్నాయి. మామా ఫోన్‌లో వీడియో తీస్తోంది, తీస్తూ తీస్తూ నవ్వేసింది. ముక్కు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. చివరికి ఆమే చాలంది. “సువార్తా, క్యాంపు అయ్యాక నువ్వు ఇంటికి వెళ్ళు. ఈ మనిషి ప్రతి ఏడూ వచ్చి ఇందులో ఎగిరాకే నువ్వు పొయ్యి వెలిగించు” అంది. అప్పుడు సువార్తమ్మకి ఏడుపు వచ్చింది. నాకూ వచ్చింది గాని, ఆయాసమని అనుకోనిచ్చాను.

మర్నాడు మళ్ళీ ఫోన్.

“అన్నయ్యగారూ, మిషను ఆరు కేజీలు తక్కువ చూపిత్తందండి.”

“అయ్యో! ఇగ ఎట్ల చెల్లె?”

“ఎట్లేంటండీ! మామా పొద్దున్నే ఎక్కి ఒకటే కేకలు. నేను పెట్టే సలాడ్ల వల్లే తగ్గారంట. నన్ను ముద్దెట్టుకున్నారండి!”

మీరు చేయాల్సింది

షెడ్డులో ఫథీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తయారైన ట్రెయిలర్ ఒకటి కనిపిస్తే, ఎవరూ చూడట్లేదనుకుని లోపలికి ఎక్కి ఎగిరాడు. ఆయన ఎగిరితే షెడ్డు రేకులు అదిరాయి. దిగి వచ్చి, స్ప్రింగులు చూశానన్నాడు. నేను కూడా స్ప్రింగులే అన్నాను. పక్క స్క్రాప్ యార్డులో ఒక గోదాము తూకం దొరికితే తెచ్చుకున్నాం. సుద్దతో మనుషులని రాయడం మానేశాం. ఆ తూకం మీదికి మొదట గుల్‌ఖాన్‌నే ఎక్కించాం, దాదాపు ఇద్దరు గంగారాంలు వచ్చాడు.

ముక్కు బరువు చూసేటప్పుడు ట్యాంకు నిండా నీళ్ళు ఉండాలి, సిలిండర్లు వాటి చోట ఉండాలి, గిన్నెలతో సహా. ఖాళీ బండి బరువు ఎవరికీ అక్కర్లేదు. వచ్చిన బరువుకి సరిగ్గా సరిపోయే చక్రం కాదు, దానికన్నా సగం ఎక్కువ మోసేది వేయండి. నునుపు గొట్టం కన్నా గాళ్ళున్నది మేలు. అన్నిటికన్నా ముఖ్యం, జాకీ చక్రం బండిని లేపడానికి, జరపడానికే. లోపల మనిషి పని చేసే బండికి నాలుగు మూలలా కాళ్ళు ఉండాల్సిందే. అడ్డమని యజమాని వద్దంటే వాదించండి, అవసరమైతే బండి ఇవ్వకండి. బూ నాసర్ బండికి ముందు కాళ్ళు ఆ తరవాతి వారమే వేశాను.

ఆ తరవాత ఎనిమిదేళ్ళూ క్యాంపు మొదలయ్యే ముందు వెళ్ళి ఎగిరాను. ఎగిరి వచ్చినా, బయల్దేరే రోజు పొద్దున సువార్తమ్మ ఫోన్ చేసేది. “ఎగిరారా అన్నయ్యగారూ?” అనేది. “ఎగిరిన చెల్లె” అంటే పెట్టేసేది.

నేను పని మానేసిన తొమ్మిదో రోజు కూడా ఫోన్ వచ్చింది. “గురువారం బయల్దేరతన్నామండి. మీరు మానేశారంట గదా. ఈసారి ఎవరెగిరారండీ?”

షెడ్డుకి ఫోన్ చేసి కొత్త ఫిట్టర్ని అడిగాను. “అంత ఓకే కాకా, నేను జూసిన” అన్నాడు. ఎగిరినవా అంటే నవ్వాడు.  ఆ వయసులో నేనైతే ఇంకా గట్టిగా నవ్వేవాడిని.

బస్సెక్కి ముబారక్ అల్ కబీర్ వెళ్ళాను. ట్రెయిలర్ ఇంటి ముందే ఉంది. సువార్తమ్మ పైపు పెట్టి ట్యాంకు నింపింది. ముందు కాళ్ళు పైకి ఎత్తి, ముక్కు బరువంతా జాకీ చక్రం మీదే ఉంచాను. నేను లోపలికి ఎక్కి ఆమె చెప్పుల చోట నిలబడ్డాను. మోకాళ్ళు ఇప్పుడు మునుపటిలా లేవు. పది దాకా ఎగిరాను. ఆమె బయట నిలబడి ఒకటి, రెండు అని తెలుగులో లెక్కపెట్టింది. ముక్కు కదల్లేదు. నేను కాళ్ళు నేలకి దించాక చెప్పులు తెచ్చి పొయ్యి ముందు పెట్టుకుంది.

“వచ్చే ఏడు ఎవరండీ?” అంది.

 అందుకే గదికి తిరిగొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. మీలో ఎవరైనా అమ్ఘరాలో ఆ షెడ్డులో చేరితే, చలికాలం మొదట్లో ఒక రోజు పొద్దున్నే మీకు ఫోన్ వస్తుంది. ఎగిరారా అని గోదారి యాసలో ఒకామె అడుగుతుంది. ఎగరకుండా అవునని చెప్పకండి.